తోక కోసిన చేపలు

ఎర్రగుంటపల్లి చెరువులో తోక కొస కోసిన చేప వలలో పడితే ఏ జాలరీ ఇంటికి తీసుకుపోడు. అది గంగమ్మది. పురుడు సుఖంగా జరిగిన ఇంటివాళ్ళు ఒక చేప తోక కొస కోసి, మొక్కు తీర్చి నీళ్ళలో వదులుతారు. దాన్ని తిన్నవాడు బాగుపడిన దాఖలా లేదు. జాలరి ఓబుళప్పకు అన్న అయిన పాపన్న నవ్వుతూ ఒకదాన్ని పులుసు పెట్టించుకున్నాడు. పదో రోజున పుట్టి పడవ బోల్తా పడి మునిగి చచ్చాడు. ఈత రాని మనిషా అంటే అదీ కాదు!

అట్లాంటి చెరువులోకి నెల కిందట చేపల శాఖ ఆఫీసరు వరలక్ష్మి వచ్చి, చెరువులో ఎన్ని చేపలున్నాయో లెక్క తేల్చడానికి రెండు వందల చేపలకు కత్తెరతో తోక కొస కోసి వదిలింది. ఆ మహాతల్లికేం తెలుసు!

"బస్తా శనక్కాయల్లో గుప్పెడు రంగు కాయలు కలిపినట్టు అనుకోండి. దోసిట్లో రంగువి ఎక్కువొస్తే బస్తా చిన్నది, తక్కువొస్తే పెద్దది. కోసిన చేప పడితే నాకు చూపించండి" అని చెప్పింది. అందరూ తలూపారు. తీరా వలలో పడ్డాక ఏది సర్కారుదో, ఏది గంగమ్మదో ఎవడు తేలుస్తాడు? భయపడి పుట్టిలోంచే నీళ్ళలోకి జారవిడిచారు. ఓబుళప్ప ఒక్కడే తొమ్మిదింటిని వదిలాడు. పైగా కూతురు అమృత నిన్నటి నుంచి హిందూపురం ఆసుపత్రిలో నొప్పులు పడుతోంది.

ఆ రోజు గట్టు మీద కాటా పక్కన కూర్చుని వరలక్ష్మి లెక్క తేల్చింది.

"ఆరు వందలు పడితే కోసినవి రెండే. అంటే చెరువులో అరవై వేల చేపలుండాయి. భేష్! వానాకాలం రెండు నెలలు వల ఆపే పని లేదు. ధర్మవరం గుత్తదారు పెద్ద వలలు దించుతానంటాండాడు, దించుకోవచ్చని రాస్తా."

జాలరులు ఈలలు వేశారు. ఓబుళప్ప మాత్రం ఈల వేయలేదు. అరవై వేలా? నిరుడు రెండు గంపలు పడిన చోట ఇప్పుడు అర గంప పడితే గొప్ప. కొర్రమీను గుడ్లు పెట్టే నెలల్లో పెద్ద వలలు దిగితే చెరువు ఊడ్చుకుపోతుంది, ముప్పై ఇళ్ళ నోటికాడి కూడు పోతుంది. నోరు తెరిచి గంగమ్మ చేపలను పట్టిస్తే ఆసుపత్రిలో బిడ్డకు ఏమవుతుందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మేడమ్, ఆ లెక్క తప్పు" అన్నాడు. "కోసినవి శానా పడినాయి. గంగమ్మవని బయపడి వదిలేసినాం."

ఈలలు ఆగిపోయాయి. భార్య దాసమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యో, నీకేమన్నా పిచ్చా? పిల్ల ఆడ చావుబతుకుల్లో ఉండాది!"

వరలక్ష్మి కోప్పడలేదు. "కత్తెర గీత నేరుగా ఉంటాది, కత్తి గీత వంకర. నేను గుర్తుపడతా. ఇంకోసారి వల వేసి, పడినవన్నీ తెండి. గంగమ్మవి నీళ్ళలోకే పోతాయి."

వల వేశారు. తొంభై చేపలు. కోసిన వాటిని ముట్టుకునే మగాడు లేడు. ఓబుళప్పే ఒక్కోదాన్ని ఎత్తి తొట్టిలో వేశాడు. ప్రతిసారీ పాపన్న ముఖమే కళ్ళ ముందు ఆడింది. తల్లీ, నన్ను తీసుకుపో, బిడ్డ జోలికి పోవద్దని లోపల ఏడ్చాడు.

వంకర గీతవి రెండు. వరలక్ష్మి చెప్పగానే వాటిని వదిలేశారు. నేరు గీతవి ఆరు.

"మూడు వేలే" అంది వరలక్ష్మి, ముఖం వాడిపోయి. "వానాకాలం ఎవురూ వల ముట్టొద్దు. గుత్తదారుకు కుదరదని రాస్తా."

అప్పుడే దాసమ్మ ఫోన్ మోగింది. తీయడానికి ఆమెకు చేతులు రాలేదు. ఓబుళప్పే తీశాడు.

"ఆడబిడ్డ నాయనా" అంది అమృత నీరసంగా. "ఇద్దరం బాగుండాం."

ఓబుళప్ప గట్టు మీదే కూలబడి పసివాడిలా ఏడ్చాడు. దాసమ్మ కళ్ళు తుడుచుకుని తొంభైలోంచి బతికున్న కొర్రమీనునొకదాన్ని, కత్తిని తెచ్చింది. "మొక్కు తీర్చు."

"కొత్తగా ఏ తోకా కోయొద్దు ఓబుళప్పా" అంది వరలక్ష్మి. "వచ్చే నెల మళ్ళీ లెక్క ఉండాది, గంగమ్మవని బయపడి మళ్ళీ వదిలేస్తారు."

ఓబుళప్పకు మళ్ళీ భయం పట్టుకుంది. కత్తి గట్టు మీద పెట్టి, నడుం లోతు నీళ్ళలోకి దిగాడు.

"తల్లీ, ఈసారి తోక కొయ్యలే. నీ చేపను నువ్వే గుర్తుపట్టుకో" అని చేతులు సడలించాడు.

చేప జారిపోయి ఆ మూడు వేలలో కలిసిపోయింది. ఓబుళప్ప నీళ్ళ వంక చూశాడు. ఇకమీదట వలలో పడే ఏ చేపైనా గంగమ్మదే కావచ్చు.