తల్లి దగ్గర పెట్టిన పుస్తకం

"ఎలాగూ ఖాళీగానే ఉంటావు కదా, ఒక్క పూట బడ్జ్ బడ్జ్ వెళ్ళిరా" అన్నాడు పట్టాభి.

ఆ మాట అనే సమయానికి భానుమతి ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద అత్తగారి స్నానానికి నీళ్ళు పెట్టి, ఆ మధ్యలో ఆయన చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. ఖాళీ అనే మాటకి ఆ ఇంట్లో అర్థం వేరు. జీతం రాని పనులన్నీ కలిపితే ఖాళీ. పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి ఒళ్ళు మండేది. ఇప్పుడు మండటానికి కూడా తీరిక ఉండటం లేదు. దారం పంటితో కొరికి, "ఏమిటిట పని?" అంది.

పని ఇదీ. బడిపిల్లలకి మంచి పుస్తకాలు అచ్చువేసి ఊరికే పంచడానికి బెంగాల్ ప్రభుత్వం ఒక విదేశీ బ్యాంకు దగ్గర అప్పు తీసుకుంది. బయటివాళ్ళ అప్పంటే గోడలనిండా తిట్లు రాయించే ఎర్రజెండా వాళ్ళు కూడా, పిల్లల చదువు అనేసరికి గుట్టుగా సంతకం పెట్టేశారు. ఆ డబ్బు నిజంగా పుస్తకమై పిల్లల చేతికి చేరిందా లేదా అని చూసి చెప్పడం పట్టాభి ఉద్యోగం. చేరిందని ఆయన రాస్తే రెండో విడత అప్పు, వచ్చే ఏటి పుస్తకాలు. చేరలేదని రాస్తే రెండూ ఆగిపోతాయి. హైదరాబాదు నుంచి కలకత్తాకి బదిలీ అయి వచ్చి ఏడాదైనా కాలేదు, ఇంటింటికీ తిరిగి చూసే రోజు మాత్రం ఆయనే నిర్ణయించాడు. వసంత పంచమి. "చదువులతల్లి పండగ! మన దగ్గర ఆ రోజు పిల్లల్ని పలక ముందు కూర్చోబెడతాం. ప్రతి ఇంట్లోనూ పుస్తకం చేతిలోనే ఉంటుంది, చూసి రాసుకోవడమే" అని ఆయన లెక్క. సర్వేకి కుదిరిన బెంగాలీ కుర్రాళ్ళు ఆ రోజు రామని ఒక్క గొంతుతో చెప్పారు. "బంద్ కాకపోతే పండగ! వీళ్ళకి పని తప్పించుకోవడం వెన్నతో పెట్టిన విద్య" అని విసుక్కుని, భార్యని పంపాడు. ఆవిడకి బెంగాలీ వచ్చు. పాలవాడితోనూ, కుళాయి బాగుచేసేవాడితోనూ, ఇంటి యజమానురాలితోనూ మాట్లాడి మాట్లాడి వచ్చేసింది. ఆయనకి రాలేదు. ఆయనకి ఆ అవసరం పడనివ్వలేదు ఆవిడ.

లేక్ గార్డెన్స్‌లో ఊరి శివార్లలోని బడ్జ్ బడ్జ్ వెళ్ళే లోకల్ రైలెక్కి, ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే భానుమతికి చిత్రంగా అనిపించింది. చేతిలో కూరల సంచీ లేదు. పెళ్ళికి ముందు విజయనగరంలో ఇలాగే ఒక చేతిసంచీతో బడికి వెళ్ళేది. నాలుగో తరగతికి లెక్కలు చెప్పేది. కాపురానికి వచ్చాక అత్తగారు దుర్గాంబ, "కొన్నాళ్ళు పక్కన పెట్టమ్మా, ఉద్యోగం ఎక్కడికి పోతుంది?" అంది. కోపంగా అన్న మాట కాదు, తలకి నూనె రాస్తూ అంది. అందుకే కాదనడం చేతకాలేదు. ఆ కొన్నాళ్ళలో పట్టాభి పైచదువు అయింది, మావగారి జబ్బు అయింది, మూడు ఊళ్ళ బదిలీలు అయ్యాయి. ఎవరూ దౌర్జన్యం చెయ్యలేదు. ఎవరూ అడగనూ లేదు.

బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు కూలీల లైన్లు, వరస గదుల ఇళ్ళు. ఒక్కో గది ఒక్కో సంసారం. ఎప్పుడో తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. కాగితంలో ప్రశ్న సూటిగా ఉంది: బడిలో ఇచ్చిన పుస్తకం ఇంట్లో ఉందా, కళ్ళతో చూశారా? ఏ గడపలో అడిగినా లేదనే సమాధానం. ఆడపిల్లలు వాళ్ళ అమ్మల పసుపుపచ్చ చీరలు చుట్టుకుని, కుచ్చెళ్ళు తొక్కుకుంటూ పరుగులు తీస్తున్నారు తప్ప ఒక్కళ్ళ చేతిలోనూ పుస్తకం లేదు.

చివరి గదిలో ఆవిడ పేరు ముసలమ్మ. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు, నవ్వితే ఇంకా చిన్నగా కనిపిస్తుంది. ఊరి అమ్మవారి పేరు పెట్టారుట. భర్త గవరయ్య మిల్లులో పగటి డ్యూటీకి వెళ్ళాడు. భానుమతి చేతిలో కాగితాలు చూడగానే పీట వాల్చి, "కూకోండి దిదిమణీ" అంది. అక్కడ బడి పంతులమ్మని అలా పిలుస్తారు.

"నేను టీచర్ని కాదమ్మా, మా ఆయన పని మీద వచ్చాను. మీ పాప పుస్తకం ఒక్కసారి చూపిస్తావా?"

ముసలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇయ్యేల పుస్తకం ఏటి? ఇయ్యేల సదవకూడదు కదా! పిల్లల పుస్తకాలన్నీ తల్లి కాళ్ళకాడ ఎట్టీసినాం. అదిగో, ఆ పందిట్లో ఉన్నాయి. ముట్టుకుంటే తల్లికి కోపమొస్తాది. రేపు పూజయ్యాక మారేడాకు మీద తల్లి పేరు రాసి, అప్పుడు తెచ్చుకుంతారు. మీ దేశంలో ఇలాగ సెయ్యరా?"

పందిట్లో సరస్వతి విగ్రహం పాదాల దగ్గర పుస్తకాలు దొంతరలుగా ఉన్నాయి. వాటి మీద బంతిపూలు, రేగుపళ్ళు. భానుమతికి నవ్వాగలేదు. ఏడాదంతా పిల్లల చేతుల్లో ఉండే పుస్తకాలు చేతుల్లో ఉండని ఒకే ఒక్క రోజుని ఏరి కోరి ఎంచుకున్నాడు మొగుడుగారు!

ముసలమ్మ టీ ఇచ్చి, పక్కన కూర్చుని, తనంతట తనే చెప్పింది. "నానూ నాలుగో కలాసులో ఎట్టినాను దిదిమణీ, నా పుస్తకం. మర్నాడు మాయమ్మకి జొరం. సంటోడ్ని ఎవులు సూస్తారు? 'రేపు తెచ్చుకుందువులేయే' అంది. ఆ రేపు మరి రానేలేదు. ఆ పుస్తకం గంగలో కలిసిపోనాదో, ఎవులు పట్టుకుపోనారో." నవ్వుతూనే చెప్పింది, కళ్ళు మాత్రం పందిరి వైపే ఉన్నాయి. "అందుకే మా పిల్ల పైడితల్లి పుస్తకం నానే ఎల్లి తెచ్చీస్తాను. మజ్జాన్నం దాకా కూడా ఆగను. మనం తెచ్చుకోకపోతే తల్లి మాత్రం ఏటి సేస్తాది, ఇంటికొచ్చి ఇస్తాదా?"

భానుమతి టీ గ్లాసు కింద పెట్టింది. ఆవిడకి ఏడుపు వచ్చింది, అదీ ఒక పరాయి ఇంట్లో, ఎవరో తన గురించి చెబుతున్నట్టు. ముసలమ్మ చీర చెంగుతో ఆవిడ భుజం తుడిచినట్టు నిమిరింది.

ఆ సాయంత్రమే పట్టాభికి అంతా చెప్పింది. ఆయన చెవి ఇటు, కన్ను టీవీలో వార్తల వైపు. "ఊఁ, ఊఁ" అన్నాడు. శనివారం నాడు రిపోర్టు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు, అచ్చుతప్పులు చూడమని. ఆయన రిపోర్టులన్నిటికీ అచ్చుతప్పులు చూసేది ఆవిడే. అందులో ఉంది: పుస్తకాలు పిల్లల ఇళ్ళకు చేరలేదు, రెండో విడత ఆపవలెను.

"చేరాయని చెప్పాను కదండీ! ఆ రోజు దేవి దగ్గర పెట్టారు. మీరు వెళ్ళమన్న రోజే అలాంటిది."

"పుస్తకం నువ్వు ఇళ్ళలో కళ్ళారా చూశావా?"

"లేదు, కానీ..."

"అంతే భానూ. నువ్వు చెప్పేది కథ. వినడానికి బాగుంటుంది. రిపోర్టులోకి కథలు పనికిరావు." మెత్తగానే అన్నాడు, తల కూడా నిమిరాడు. "రేపు ఢిల్లీ నుంచి మా పై అధికారి శ్రీనివాస రావు గారు భోజనానికి వస్తున్నారు, ఇది ఆయన చేతిలో పెట్టాలి. గుత్తివంకాయ చెయ్యి, ఆయనకి ఇష్టం."

ఆదివారం పొద్దున వంకాయలు కడిగి పళ్ళెంలో పెట్టింది భానుమతి. నాలుగు పక్షాలుగా కోసి మసాలా కూరాలి. హాల్లో ఓ పక్కన కత్తిపీట ముందు కూర్చుంది. పైడితల్లి అనే పిల్ల ఎలా ఉంటుందో కూడా తనకి తెలియదు, ఆ రోజు పందిట్లోనే ఆడుకుంటోంది. వచ్చే ఏడు ఆ పిల్లకి పుస్తకం రాకపోతే కారణం ముసలమ్మకి ఎప్పటికీ తెలియదు. తన చేతిరాతతో 'లేదు' అని నింపిన కాగితాలే కారణమని తనకి మాత్రం తెలుస్తుంది. ఆ తెలియడంతో ఇంకెన్ని గుత్తివంకాయలు చెయ్యాలి? వంకాయ కింద పెట్టేసింది. చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, చేతిసంచీ భుజాన వేసుకుని హాల్లోకి వచ్చింది.

"బడ్జ్ బడ్జ్ వెళ్తున్నాను. ప్రతి ఇంట్లోనూ మళ్ళీ చూస్తాను. సాయంత్రానికి వచ్చేస్తాను, శ్రీనివాస రావు గారిని కూర్చోబెట్టండి. చూసింది నేనూ, చెప్పేది కూడా నేనే."

పట్టాభి పేపరు దించాడు. "ఇవాళా? మరి వంట?"

"వంట ఎక్కడికి పోతుందిరా?" అంది లోపలి గదిలోంచి దుర్గాంబ. గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, కత్తిపీట ముందుకి వంకాయల పళ్ళెం లాక్కుంది. కోడలి మొహం చూడకుండా, వంకాయ ముచ్చిక తిప్పి చూస్తూ, "కొన్నాళ్ళని నేనే అన్నాను దాంతో. ఆ కొన్నాళ్ళు ఎప్పుడో అయిపోయాయి, నేనే చెప్పడం మర్చిపోయాను. వెళ్ళిరా అమ్మాయ్, ఎండెక్కుతుంది" అంది.

భానుమతి వంగి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పట్టాభి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, రిపోర్టు తీసి బల్ల సొరుగులో పెట్టాడు. "నువ్వొచ్చేదాకా ఇవ్వనులే" అని, తలుపు దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు, "మన బియ్యం ఏ డబ్బాలో ఉంటాయి?"

ఈసారి లైన్లలో అడిగిన ప్రతి గడపలోనూ పుస్తకం బయటికొచ్చింది. చూరులోంచి కొన్ని, తలగడ కిందనుంచి కొన్ని. పాత క్యాలెండరు కాగితం అట్టలు, మూలలు మడతపడిన పేజీలు. ఒకదాంట్లో ఏనుగు బొమ్మకి ఎవరో మీసాలు కూడా పెట్టారు. ప్రతిదీ చేత్తో పట్టుకుని చూసి మరీ రాసుకుంది.

చివరి గదిలో పైడితల్లి సిద్ధంగా కూర్చుని ఉంది. రెండు పిలకలు, ముందుపన్ను లేదు. పుస్తకం తెరిస్తే పేజీల మధ్య నుంచి వాడిన బంతిరేకులు రాలాయి. పిల్ల బెంగాలీలో లెక్క చదవడం మొదలుపెట్టి, సగంలో ఆగి, దిక్కులు చూసింది. భానుమతి చాప మీద పక్కనే కూర్చుంది. ఏమీ ఆలోచించుకోకుండానే ఆవిడ వేలు ఆ వాక్యం కిందికి వెళ్ళింది. "తొందరేం లేదు. మళ్ళీ మొదటి నుంచి చదువు. ఏమి ఇచ్చాడు, ఏమి అడుగుతున్నాడు?" అంది. పిల్ల చదివింది. లెక్క కుదిరింది. రెండో లెక్క తనే తీసింది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న ముసలమ్మ, "ఏటమ్మా, మొన్న దిదిమణిని కాదన్నారు?" అంది.

భానుమతి తలెత్తలేదు. పేజీ మీది బంతిరేకు తీసి జాగ్రత్తగా పక్కన పెట్టింది.

"నేనూ తల్లి దగ్గర పెట్టాను ముసలమ్మా. తెచ్చుకోవడానికే వచ్చాను."