పెదనాన్న చాలా మంచివారు

ఆఫీసరమ్మ వస్తోందని పొద్దున్నుంచీ ఆమె ఇల్లు కడుగుతూనే ఉంది. కర్టెన్లు ఉతికి ఆరేసింది. స్టవ్ వెనక గోడకి పట్టిన జిడ్డు గీకింది.

"ఇల్లు అద్దంలా ఉండాలి. ఆవిడ వేలు పెట్టి చూస్తుందట," అన్నాడు భర్త, తుడిచిన చోటే చెప్పులతో నడుస్తూ.

ఆఫీసరమ్మ చూడబోయేది ఇంటిని ఒక్కదాన్నే కాదు, గువ్వని కూడా. గువ్వ ఆమె చెల్లెలి కూతురు. చెల్లెలు తాగుడుకి బానిసై పిల్లని గాలికొదిలేస్తే, కోర్టు తల్లిని చికిత్సకి పంపి, పిల్లని ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళింటికి పంపబోయింది. ఆమె పరిగెత్తుకెళ్ళి, "నేను పెద్దమ్మనండీ, నేనున్నాను," అంది. అనడం తేలికే. గువ్వకి ఉబ్బసం. బడినుంచి ఫోనొస్తే పరుగెత్తాలి, ఆసుపత్రిలో వరసలో నిలబడాలి. ఇన్ని సెలవులు కుదరవన్నారు లాండ్రీలో. ఏళ్ళ తరబడి దుప్పట్లు ఇస్త్రీ చేసిన ఉద్యోగం అలా వదులుకుంది. అత్తగారు ఫోన్‌లో, "పిల్లని చూసుకోవడం కూడా ఒక పనేనా? కూర్చుని తినడానికి సాకు దొరికింది," అన్నారు. ఆ కూర్చోవడం ఎప్పుడొస్తుందా అని ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

పరాయివాళ్ళు పెంచితే నెలనెలా ప్రభుత్వం డబ్బిస్తుంది. బంధువులకీ ఇస్తారని, కాకపోతే ముందు ఆఫీసరొచ్చి ఇల్లు చూసి, పిల్లతో మాట్లాడి వెళ్తారని లాండ్రీ స్నేహితురాలు చెప్పింది. భర్త మొదట మండిపడ్డాడు. "సొంత చెల్లెలి కూతురికి అన్నం పెట్టి గవర్నమెంటు ముందు చెయ్యి చాపుతావా? సిగ్గులేదూ?" ఎంతిస్తారో తెలిశాక ఆ సిగ్గు మాట మళ్ళీ ఎత్తలేదు. "నా అకౌంట్లో వెయ్యమను. ఇంటి పెద్దని నేను," అన్నాడు.

ఆయన కొట్టడు. ఆ మాట ఆమె తనకి తనే ఎన్నోసార్లు చెప్పుకుంది. గువ్వ అన్నం వదిలేసినా, దగ్గి ఆయన నిద్ర చెడగొట్టినా, సామాను గదిలో పెట్టి గడియ వేస్తాడు, అంతే. బుద్ధొస్తుందట. లోపల పిల్ల ఏడవదు. ఏడిస్తే బాగుండునని ఆమె తలుపుకి చెవి ఆనించి నిలబడుతుంది. ఈలలా సన్నగా ఊపిరి వినిపిస్తుంటుంది. అది ఆగిపోతుందేమోనని ఆమె కూడా ఊపిరి బిగబట్టుకుంటుంది. "తియ్యండి, పిల్లకి ఊపిరాడటం లేదు," అని ఒకసారి బతిమాలితే, "ఇంకో మాటంటే నిన్నూ అందులోనే పడేస్తా," అన్నాడు. ఆమె ముఖం చూసి, "జోకే, నీకసలు జోకులర్థం కావు," అని నవ్వాడు.

ఎవరితో చెప్పాలి? చెబితే పిల్లని తీసుకుపోతారు. చెప్పకపోతే ఏదో ఒకరోజు తలుపు తీసేసరికి... ఆమె ఆలోచన ఎప్పుడూ ఆ తలుపు దగ్గరే ఆగిపోయేది.

ఆఫీసరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, మెట్లెక్కిన ఆయాసం. మంచినీళ్ళు తాగి, వంటగది చూసి, గువ్వని పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. భర్త టీవీ సౌండు పూర్తిగా తగ్గించాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. పిల్ల నిజం చెప్పేస్తే?

గోడ పల్చన. గువ్వ గొంతు స్పష్టంగా వినిపించింది. "పెదనాన్న చాలా మంచివారు. నాకు ఇక్కడ చాలా బాగుంది."

రాత్రి భర్త పక్కన కూర్చోబెట్టుకుని పదేపదే అనిపించిన మాటలే. ఆయన గర్వంగా కాలు మీద కాలు వేసుకున్నాడు. ఆమె మాత్రం గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఆ మాటలు ఆయన నేర్పినవే, కానీ ఆ గొంతు? మధ్యలో తడబడకుండా, చివర కాస్త నవ్వు కలిపి... తన అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉన్నామమ్మా" అని తను చెప్పే గొంతు అది. అచ్చంగా అదే. పిల్ల అది ఎవరి దగ్గర పట్టిందో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు.

గువ్వ బయటికి రాగానే ఆమె ముఖంలోకే చూసింది, సరిగ్గా చెప్పానా అన్నట్టు.

"అంతా బాగుంది. వచ్చే నెలనుంచే సాయం అందుతుంది," అని గదిలోంచి వచ్చిన ఆఫీసరమ్మ గుమ్మంవైపు నడిచింది.

"కిందదాకా దిగబెట్టిరా," అన్నాడు భర్త హుషారుగా.

ఆమె గువ్వ చెయ్యి పట్టుకుంది. మెట్లు దిగుతుంటే తన మాట తనకే కొత్తగా వినిపించింది.

"మేడమ్, ఆ సాయం ఇంటికిస్తారా, పెంచే మనిషికిస్తారా?"

"పెంచే మనిషికి. మీ పేరు మీదే. మీరెక్కడుంటే అక్కడికి. ఎందుకమ్మా?"

ఆమె గోడ పట్టుకుంది. "ఆయన నేర్పింది పిల్ల అప్పజెప్పింది మేడమ్," అంది. గది గురించి, గడియ గురించి, ఈలలాంటి ఊపిరి గురించి ముక్కలు ముక్కలుగా చెప్పింది. గువ్వ వేళ్ళు ఆమె చేతిలో బిగుసుకున్నాయి.

ఆఫీసరమ్మ పై మెట్లవైపు ఒకసారి చూసింది. తరవాత గొంతు తగ్గించి, "ఇది నేను పై వాళ్ళకి చెప్పక తప్పదు. చెబితే పాపని ఈ ఇంట్లో ఉండనివ్వరు. తెలిసే అంటున్నారా?" అంది.

పైనుంచి భర్త గొంతు. "ఏమిటింకా? దిగబెట్టడం అవలేదా?" చెప్పుల చప్పుడు గుమ్మం దాటింది.

ఆమె గువ్వని దగ్గరికి లాక్కుంది. తలెత్తి పైకి చూడలేదు.

"తెలిసే అంటున్నాను మేడమ్. నన్నూ ఉండనివ్వకండి."

ఆఫీసరమ్మ గోడవైపు జరిగి దారిచ్చి, వాళ్ళిద్దరినీ తనకంటే ముందు దిగమంది.