ఆరుగురు, ఐదు సీట్లు

మహాలక్ష్మమ్మ పోయిన రోజున ఆ ఇంటివాళ్ళు రెండు బండ్లలో గుంటూరు ఆసుపత్రికి బయలుదేరారు.

చిన్నకొడుకు వెంకట్ కారు వెనక సీట్లో ఆమెను పడుకోబెట్టారు. తల పెద్దకోడలు నీరజ ఒళ్ళో, కాళ్ళు చిన్నకోడలు జ్యోతిర్మయి ఒళ్ళో. సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని ఆర్ఎంపీ డాక్టరు జాన్ ముందు సీట్లో కూర్చున్నాడు. వెంకట్ స్టీరింగు పట్టుకున్నాడు. అంతటితో ఆ చిన్న కారు నిండిపోయింది. పెద్దకొడుకు చెన్నకేశవరావు, తమ్ముడి ఆడపిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని, వీధి చివరి ఖాజా మొహిద్దీన్ బాడుగ కారులో వెనకాల వచ్చాడు. సాతులూరు దాటాక పత్తి ట్రాక్టర్లు అడ్డం పడి ఆ కారు వెనకబడింది. ముందు కారు పేరేచర్ల చేరకముందే ఆమె ప్రాణం పోయింది.

"పెద్దోడేడిరా?" అని దారిలో ఒకసారి అడిగిందట. "వెనక బండిలో వస్తన్నాడమ్మా" అని వెంకట్ చెప్పాడట. ఈ సంగతి నీరజ వెంటనే చెప్పలేదు. పెద్దకర్మ ముందురోజు, బియ్యం ఏరుతూ చెప్పింది. చెన్నకేశవరావు క్రోసూరు హైస్కూల్లో తెలుగు మాస్టారు, మాటను తూచి గానీ బయటపెట్టని మనిషి. విని, "అప్పటికి ఎంత దూరం పోయారు?" అని మాత్రం అడిగాడు. నీరజకు గుర్తు లేదు.

పెద్దకర్మ నాడు, నున్నగా గొరిగించుకున్న తలతో, చుట్టాలందరి ముందూ వెంకట్ ఒక మాట అన్నాడు. "అన్నయ్యా, ఇంక మనింట్లో ఎవరూ వెనక బండిలో రాకూడదు. అందరం ఎక్కే ఏడు సీట్ల బండి కొందాం."

చుట్టాల్లో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. చెన్నకేశవరావుకు తల్లి పోయాక మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది. ఎందుకంటే అతనికున్న భయం ఒకటే. నరసరావుపేటలో ఆ ఇంట్లో ఇన్నేళ్ళుగా రెండు సంసారాలు ఒకే పొయ్యి మీద బతికాయంటే అది తల్లి వల్ల. అతనికి పిల్లల్లేరు. తమ్ముడి కూతుళ్ళు లోహిత, ప్రణవి అతని మంచం మీదే పెరిగారు. చిన్నది ఇప్పటికీ పెదనాన్న పక్కన కూర్చుంటే గానీ అన్నం తినదు. ఆ పొయ్యి రెండయితే ఏ పిల్ల ఏ పొయ్యి దగ్గరికి పోతుందో అతనికి తెలుసు. లోకమంతటికీ తెలుసు. ఇల్లు నిలబడాలి, పిల్లలు ఇంట్లో ఉండాలి. అంతకుమించి అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

అందుకే ఆ ఏడు సీట్ల బండి అతనికి బండిలా కనబడలేదు.

గుంటూరులో షోరూముకి అందరూ కలిసే వెళ్ళారు. బండి చూపించినవాడు నౌషాద్ అని, ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్న కుర్రాడు. "మాస్టారూ, పద్యం రాకపోతే మీరు నన్ను బెంచీ ఎక్కించేవోళ్ళు. ఇయ్యాల నేను మిమ్మల్ని బండెక్కిస్తన్నా" అని నవ్వించాడు. చెన్నకేశవరావు మూడో వరుసలోకి దూరి కూర్చున్నాడు. మోకాళ్ళు కాస్త పైకి లేచాయి గానీ తల తగల్లేదు. పక్కన చిన్నపిల్లకి చోటుంది.

"నువ్వు ఆడెందుకన్నయ్యా? ముందు కూర్చో" అన్నాడు వెంకట్.

"నాకిక్కడ బాగానే ఉందిరా."

"పెద్దోడివి వెనకాల కూర్చుంటే చూసినోళ్ళు ఏమంటారు?"

"చూడనీ. ఒకే బండిలో ఉన్నాం గదా."

ఆ షోరూములోనే అద్దాల గదిలో ఇంకో బండి ఉంది. నల్లగా, చెరువు గేదెలా నిగనిగలాడుతోంది. లోపల తోలు సీట్లు, నడినెత్తిన తెరుచుకునే అద్దం. వెంకట్ దాని తలుపు ఒకసారి తీసి వేశాడు. పెద్ద చప్పుడేమీ కాలేదు. మళ్ళీ తీసి వేశాడు. "ఇది ఐదుగురికేనన్నా. షోకు బండి. మీ ఇంటికి అదే కరెక్టు" అని నౌషాదే ఏడు సీట్ల దానివైపు చెయ్యి చూపించాడు. దాన్నే బుక్ చేశారు. అది రావడానికి నెలలు పడుతుందన్నాడు.

"మంచిదే" అన్నాడు చెన్నకేశవరావు. "ఏడాది తిరిగేదాకా మా గుమ్మం ముందు కొత్త బండి నిలబడకూడదు. అమ్మ మైల తీరాలి. కొండెక్కి పూజ చేయించడానికి కూడా లేదు."

అది అక్కడ పాటించే మాటే. ఏటిసూతకంలో ఉన్నవాళ్ళు కోటప్పకొండ ఎక్కరు, కొత్త వస్తువు ఇంటికి తేరు. అయినా ఆ మాట అతను తల్లి కోసం ఒక్కదానికే అనలేదు. ఒక ఏడాదిపాటు అందరూ ఒకే బండి కోసం ఎదురుచూస్తూ ఒక చోట ఉంటారని లోపల లెక్క వేసుకున్నాడు.

వెంకట్‌కి పురుగుమందుల కొట్టుంది. మిరప వేసే రోజుల్లో కంపెనీవాళ్ళు గుంటూరు హోటల్లో డీలర్లకి మీటింగు పెట్టారు. గేటు దగ్గర కాపలావాడు వెంకట్ చిన్న కారుని చూసి, డ్రైవర్లు నిలిపే చోటు చూపించాడు. వెనకాల వచ్చిన నూజెండ్ల డీలరు బండికి మాత్రం సెల్యూట్ కొట్టి పోర్టికోలోకి పంపించాడు. వెంకట్ ఇంటికొచ్చి ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు. జ్యోతిర్మయి నవ్వలేదు.

"ఆ ఏడు సీట్లది తెచ్చుకుంటే ఇంకా మేలు. పెళ్ళికి బాడుగ కొచ్చిందనుకుంటారు" అంది.

"ఏమే, ఇంటిల్లిపాదీ ఎక్కే బండిని బాడుగ బండంటావేందే?" అంది నీరజ.

"నేననేది కాదక్కా, లోకం అనేది చెప్తన్నా."

"లోకం ఎక్కుద్దా మన బండి?"

మాట అక్కడితో ఆగింది. కానీ ఆ వారం వెంకట్ అన్నగారి గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. చాలాసేపు సెల్‌ఫోన్ అటూ ఇటూ తిప్పాడు.

"అన్నయ్యా, ఆ బండి మారుద్దామనుకుంటన్నా. నల్లది తీసుకుందాం."

"ఎందుకురా?"

"ఏడు సీట్లన్నది అలవాటుకొద్దీ అమ్మని కలుపుకుని అన్న మాట. ఇప్పుడు ఆ ఏడో సీటు ఖాళీగా వెనకాల వస్తా ఉంటే నేను నడపలేను."

అతని గొంతులో కపటం లేదు. అదే చెన్నకేశవరావుకి కష్టమయింది. కపటమయితే ఏదో ఒకటి అనేవాడు.

"అమ్మ పోయినా ఆరుగురం ఉన్నాం గదరా. ఐదు సీట్లలో ఆరుగురం ఎట్టా ఎక్కుతాం?"

వెంకట్ ఆ లెక్క వేసుకోలేదని కాదు. తలెత్తకుండా అన్నాడు: "చిన్నది ఒళ్ళో సర్దుకుంటది. లేదా అందరం పోవాల్సొస్తే ఖాజా బండి మాట్లాడుకుందాం. ఎప్పుడో గదన్నయ్యా."

వెనక బండి మళ్ళీ వచ్చింది. ఆ మాట చెన్నకేశవరావు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అంటే తమ్ముడు ఏడుస్తాడని తెలుసు. పెద్దకర్మ నాటి మాటను వాడి మీదికే విసిరినట్టవుతుందనీ తెలుసు. దానికి బదులు, నమ్ముకున్న ఆ పాత మాటనే పట్టుకున్నాడు.

"ఏ బండయినా ఏడాది వెళ్ళాకేరా. మన పేరు మీద ఇప్పుడు కొనకూడదు."

ఏడాది వెళ్ళేసరికి తమ్ముడి మనసు మారుతుందని అతని ఆశ. నల్ల బండికి ఎదురుచూడాల్సిన పని లేదని, కావాలంటే రేపే ఇస్తారని అతనికి తెలియదు.

జ్యోతిర్మయి తమ్ముడు శ్రీకర్ కాంట్రాక్టులు చేస్తాడు. అతని చెవిన ఈ సంగతి పడింది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చి, పప్పులో నెయ్యి కలుపుకుంటూ తేల్చేశాడు. "మైల మీకు గానీ మాకేంది బావా? నా పేరు మీద తీసుకుందాం. మా అమ్మా నాన్నా కొండకి తీసకపోయి పూజ చేయిస్తారు. ఏడాది అయినాక నీ పేరుకి మార్చుకో."

వెంకట్ అన్నగారి వైపు చూశాడు. అందరూ చూశారు. వద్దనడానికి అతని దగ్గర ఉన్న ఒక్క మాటకీ శ్రీకర్ దారి చెప్పేశాడు. "మీ ఇష్టం" అని చెన్నకేశవరావు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

బండి వచ్చింది. పాత కారు మార్పిడిలో పోయింది. కొత్తది గుమ్మం ముందుకి రాలేదు. మైల ఇంటి ముందు కొత్త బండి నిలపకూడదని బావగారే అన్నారు గదా అని జ్యోతిర్మయి గుర్తుచేసింది. ఊరి బయట కొత్త ప్లాట్లలో శ్రీకర్‌కి ఒక ఇల్లుంది. కట్టి ఖాళీగా ఉంచాడు. కింద కారు పెట్టుకునే చోటుంది. అక్కడ నిలిపారు.

"ఎక్కడానికి లేని మైల నిలపడానికొచ్చిందా?" అంది నీరజ. మొగుడి ముందే అంది, వాళ్ళ ముందు అనలేదు.

కొత్త బండి, ఖాళీ ఇల్లు. ఎవరయినా గీరి పోతారేమోనని మొదట వెంకట్ రాత్రిపూట అక్కడ పడుకున్నాడు. పొద్దున్నే అక్కడినుంచి కొట్టుకి పోవడం దగ్గరని టిఫిను అక్కడికే తెప్పించుకున్నాడు. టిఫిను తెప్పించుకునేవాడికి కాఫీ కావాలి గదా అని జ్యోతిర్మయి ఒక గ్యాస్ పొయ్యి పెట్టింది. సెలవులకి పిల్లలు నాన్న దగ్గర ఉంటామన్నారు. సెలవులయ్యాక, స్కూలు బస్సు ఆ ప్లాట్ల మీదుగానే పోతుందని తేలింది. ఎవరూ ఇల్లు విడిచి వెళ్ళలేదు. ఎవరూ వెళ్తున్నామని చెప్పలేదు. బీరువాలో బట్టలు కొద్దికొద్దిగా తగ్గాయి. నీరజ మొదట పెద్ద గిన్నెలోనే వండింది. అన్నం మిగిలిపోయి మిగిలిపోయి, ఒకనాడు చిన్న గిన్నె తీసింది.

వీధిలో బీబీ అనే ముసలామె పాలకి పోతూ గేటు పట్టుకుని నిలబడింది. "ఏందమ్మా నీరజా, మీ మరిది కనపడ్డమే లేదు. కారొక ఇంట్లో, కాపురమొక ఇంట్లోనా?"

"కారున్న కాడే కాపురం చాచీ" అంది నీరజ. లోపలికొచ్చి మొగుడితో అంది: "పోయి అడగండి. బళ్ళో అంతమంది పిల్లల్ని నిలదీస్తారు గదా. సొంత తమ్ముణ్ణి అడగడానికి నోరు రాదా?"

చెన్నకేశవరావు వెళ్ళాడు. ఆటో దిగేసరికి వెంకట్ బండి తుడుస్తున్నాడు. అన్నని చూసి గుడ్డ పడేసి ఎదురొచ్చాడు. ఆ ప్రేమలో లోటేమీ లేదు. ముందు సీట్లో కూర్చోబెట్టి వినుకొండ రోడ్డు మీద కొంత దూరం తిప్పాడు. బండి నిజంగానే బాగుంది. గతుకు తెలియలేదు. పిల్లలిద్దరూ వెనకాల కూర్చున్నారు.

"పెదనాన్నా, పైన అద్దం తియ్యనా? ఆకాశం కనపడుద్ది" అంది లోహిత.

"తియ్యమ్మా."

ఆకాశం కనబడింది. ఎండ మొహాన పడింది. చెన్నకేశవరావు ఇంటినుంచి కూర్చుకొచ్చిన వాక్యం ఒకటుంది. దాన్ని పైకి అన్నాడు. "ఒరేయ్, మైలా గియిలా ఏం లేదులే. బండి ఇంటికి తీసుకురా. గుమ్మం ముందే నిలుపుకుందాం."

వెంకట్ బండి నెమ్మది చేసి, రోడ్డు పక్కకి తీసి ఆపాడు. అన్నగారి వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వేనా అన్నయ్యా ఈ మాటనేది? అమ్మకి చెయ్యాల్సిన మర్యాద గదా. పొరపాటున ఏదన్నా జరిగితే పిల్లలకి చుట్టుకుంటది. ఇంకెంత, ఏడాది కావొస్తంది. ఆగుదాం."

తను అల్లిన కంచెలో తనే చిక్కుకుంటే అవతలివాణ్ణి పిలిచి లాభం లేదు. చెన్నకేశవరావు తల ఊపాడు. ప్రణవి వెనకనుంచి అతని మెడ చుట్టూ చేతులు వేసి, "పెదనాన్నా, మా ఇంట్లో అన్నం తిని పో" అంది. మా ఇంట్లో అంది. పిల్లకి ఏం తెలుసు? తెలిసినదే చెప్పింది. అతను ఆగి తిన్నాడు. పిల్ల తన పక్కన కూర్చోకుండానే, టీవీ చూస్తూ తనంతట తను కలుపుకుని తింది.

ఎవరూ రద్దు చెయ్యని ఆ ఏడు సీట్ల బండి సిద్ధమయిందని నౌషాద్ ఫోన్ చేస్తే, వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమని చెన్నకేశవరావు చెప్పాడు.

"ఏం మాస్టారూ, నచ్చలేదా?"

"నచ్చింది నాయనా. నడిపేవాళ్ళు లేరు."

సంవత్సరీకం పాత ఇంట్లోనే జరిగింది. వెంకట్ వాళ్ళు పొద్దున్నే ఆటోలో వచ్చారు, బండి వీధి మొదట్లోకి కూడా తేలేదు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని పిండాలు పెట్టారు. బ్రాహ్మడు తల్లి పేరు చెప్పమంటే ఇద్దరూ ఒకేసారి చెప్పారు. కోడళ్ళిద్దరూ ఒకే పొయ్యి మీద వండారు. ఏ డబ్బాలో ఏముందో జ్యోతిర్మయి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. భోజనాలయ్యాక శ్రీకర్ ఫోన్ చేసి, బావా, బండి తేనా అని అడిగినట్టున్నాడు. "వద్దులే, మేమే వస్తన్నాం" అని వెంకట్ చెప్పడం వినబడింది.

సాయంత్రం ఆటో వచ్చింది. పిల్లలు ముందు ఎక్కారు. "పోయొస్తాం అన్నయ్యా" అన్నాడు వెంకట్. "మంచిదిరా" అన్నాడు చెన్నకేశవరావు. ఆటో మలుపు తిరిగేదాకా భార్యాభర్తలు గేటు దగ్గరే ఉన్నారు. తర్వాత నీరజ విస్తళ్ళు ఎత్తడానికి లోపలికి పోయింది.

మైల తీరి మూడు నెలలయింది. బండి ఇంకా శ్రీకర్ పేరు మీదే, ఆ ఇంటి కిందే ఉంది. పిల్లల్ని తీసుకుని ఇంటికి వచ్చెయ్యమని చెన్నకేశవరావు తమ్ముడితో ఇంకా అనలేదు. రావడం లేదని తమ్ముడు కూడా ఇంకా చెప్పలేదు.