ఏలియా సీసాలో నీళ్ళు

ఖబూరా క్యాంపుకు ఆ సైకిల్ రేసు ఏలియా వల్ల పోయింది. ఉన్న నీళ్ళన్నీ తానొక్కడే తాగేశాడు. జట్టులో మనిషి పక్కనే నాలుక పిడచకట్టి పడిపోతుంటే సీసా ఖాళీ చేసుకున్నాడు. క్యాంపులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. డెబ్బై ఎనిమిదిలో ఈ మాట పుట్టింది, ఇప్పటికీ అందులో ఒక్క అక్షరం మారలేదు.

ఆ పడిపోయిన మనిషి ఇస్తారి కూడా ఆ మాట కాదనలేదు.

ఇస్తారిది జగిత్యాల వైపు ఊరు. షట్టరింగ్ పని. భార్య గౌరవ్వ పోయిన మరుసటి ఏడు ఇంటికి తాళం వేసి ఒమాన్ వచ్చాడు. మాట పెళుసు. నవ్వడం తక్కువ. రూమ్‌లో అతని మంచం మీద ఎవరూ కూర్చునేవారు కారు. కానీ సైకిల్ ఎక్కితే బాతినా తీరం రోడ్డు మీద అతని వెనక నిలిచినవాడు లేడు. ఉత్తరం రాస్తే చదివే మనిషి లేని ఇస్తారికి ఖబూరాలో మిగిలింది ఆ ఒక్క పేరే.

క్లబ్బు పెట్టింది సూపర్‌వైజర్ మజహర్. హైదరాబాదు పాతబస్తీ మనిషి, కుర్రతనంలో సైకిల్ పందేలు తొక్కినవాడు. కంపెనీలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఊరికి పోతూ గేర్ల సైకిళ్ళు వదిలిపోతే, వాటిని బాగుచేయించి శుక్రవారం పొద్దున్నే నలుగురిని రోడ్డెక్కించాడు. ఆ రోడ్డు పొడుగునా ఉన్న క్యాంపులకు ఏడాదికొకసారి పందెం. గెలిచిన జట్టు మస్కట్‌లో తొక్కుతుంది. ముందటేడు సహమ్ క్యాంపు వాళ్ళు గెలిచి, వారం రోజులపాటు ఖబూరా గేటు ముందు గంటలు కొట్టుకుంటూ తిరిగారు. మజహర్‌కు అది గుండెల్లో ముల్లు. ఇస్తారికి అంతకన్నా ఎక్కువ. ఆ ఏడు తానే ముందుండి ఓడిపోయాడు మరి.

పందెం నలుగురి జట్టుది. ఒకరి వెనక ఒకరు చక్రానికి చక్రం ఆనినట్టు పోవాలి. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్ళు ఆ చాటున ఊపిరి తీసుకుంటారు. అతను అలిసిపోగానే పక్కకు జరిగి తోకన చేరతాడు, రెండోవాడు ముందుకొస్తాడు. గడియారం ఆపేది మొదటివాణ్ణి చూసి కాదు, మూడోవాడి చక్రం గీత దాటాక. అంటే నలుగురిలో ఒకడు రాలిపోవచ్చు. ఇద్దరు రాలితే జట్టే లేనట్టు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. దారిలో బయటివాళ్ళు నీళ్ళు అందించకూడదు. జట్టులోవాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు.

డెబ్బై ఎనిమిదిలో జట్టులో ఇస్తారి, మేస్త్రీ బాబు మియా, లారీ డ్రైవర్ గులాం నబీ, ఏలియా. ఏలియా కంపెనీ డిస్పెన్సరీలో కట్లు కట్టేవాడు, సూదులు వేసేవాడు. బాపట్ల వైపు మనిషి. క్యాంపు మొత్తం అతన్ని డాక్టరనే పిలిచేది. ఇస్తారి కన్నా చిన్న, సన్నగా ఉంటాడు, గాలికి ఎదురు తొక్కినా ఆయాసపడడు.

అతను జట్టులో చేరిన రోజే ఇస్తారి అడిగాడు.

"మీ ఊర్లె మీ ఇల్లు ఏ దిక్కుంటది?"

"చర్చి పక్కనండి."

"చర్చి ఏ దిక్కు?"

ఏలియా సైకిల్ గొలుసు వైపు చూశాడు. "ఊరు దాటాకండి."

ఇస్తారికి ఊరవతలి వాడ అని తెలిసిపోయింది. తెలుసుకోవాలనుకున్నది అదే.

ఆ రోజు నుంచి టీ తాగే తన గ్లాసుకు ఎర్ర దారం కట్టుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. బాబు మియా సగం తాగిన బీడీ అందుకుని మిగతా సగం తాను తాగేవాడు. గులాం నబీ కంచంలోంచి రొట్టె తుంచుకునేవాడు. ఏలియా ఇచ్చిన జ్వరం బిళ్ళ మాత్రం రూమ్‌కు తెచ్చుకుని, తన చెంబు నీళ్ళతో మింగేవాడు. ఆ దారం ఎందుకో తెలిసిన మనిషి ఏలియా ఒక్కడే.

అతను సైకిల్ మీద నీళ్ళు తాగే పద్ధతి మార్చుకున్నాడు. సీసా మూతి పెదవులకు తగలనీయకుండా, తల వెనక్కి వంచి, పైనుంచి పోసుకునేవాడు. సగం నీళ్ళు చొక్కా మీద పడేవి.

"అరే డాక్టర్, తాగుతున్నవా, తానం జేస్తున్నవా?" అని బాబు మియా పకపక నవ్వేవాడు.

"చల్లగా ఉంటుందండీ," అనేవాడు ఏలియా.

పందెం మామూలుగా చలికాలంలో. ఆ ఏడు వానలకు వాదీలు, ఎప్పుడూ ఎండి ఉండే వాగులు, పొంగి రోడ్డును కోసుకుపోయాయి. కంకర పోసి సర్దేసరికి ఎండలు ముదిరాయి. ఖబూరా నుంచి సువైక్ వైపు పోయి, రోడ్డు మధ్య నిలబెట్టిన తారు డ్రమ్ము చుట్టూ తిరిగి, అదే దారిన వెనక్కి రావాలి. ఒక పక్క ఖర్జూర తోటలు, వాటి వెనక సముద్రం. ఇంకో పక్క కొండల దాకా ఉత్త నేల.

బయలుదేరేముందు మజహర్ అందరి సైకిళ్ళూ చూశాడు. ఇస్తారి సీసా బైండింగ్ వైరుతో కట్టి ఉంది.

"క్లిప్పు ఇచ్చిన గదా. తీగతో కట్టుకున్నవేంది?"

"సెంట్రింగే ఆపుతది ఈ తీగ. సీసా ఆగదా సాబ్?"

ఆగలేదు. మొదటి వాదీలో దిగగానే కంకర మీద సైకిల్ అదిరి తీగ తెగింది. సీసా ఎగిరి రాళ్ళలో పడింది. ఇస్తారి వెనక్కి చూడలేదు. ఆగితే గొలుసులా సాగుతున్న జట్టు తెగుతుంది. కాస్త దూరం పోయాక గులాం నబీ తన సీసా ఇచ్చాడు. ఇస్తారి నోటికి పెట్టుకుని గటగటా తాగి, అడుగున గుక్కెడు మిగిల్చి తిరిగిచ్చాడు.

డ్రమ్ము తిరిగేసరికి సహమ్ వాళ్ళ కన్నా ముందున్నారు. ఎదురొస్తున్న వాళ్ళ ముఖాలు చూసి బాబు మియా అరిచాడు. "గంటలు తెచ్చుకున్నరా బిడ్డా? మాకియ్యుండ్రి!"

అక్కడి నుంచి ఎదురుగాలి. దుమ్ముతో, ఉప్పుతో వచ్చే గాలి. వాదీ ఇంకా రాకముందే గులాం నబీ చక్రం పంక్చరైంది. వెనక వస్తున్న మజహర్ పికప్ అతని కోసం ఆగిపోయింది. ఇక ముగ్గురూ గీత దాటాల్సిందే.

ముందు బాబు మియా తల వంచుకుని తొక్కుతున్నాడు. అతని సీసా ఎప్పుడో ఖాళీ. తర్వాత ఇస్తారి, చివర ఏలియా. ఇస్తారికి పెదవులు పగిలాయి. పిక్కలు రాళ్ళయ్యాయి. ముందు చక్రం రెండుగా కనబడడం మొదలైంది.

ఏలియా పక్కకు వచ్చాడు. సీసా ఉన్న చెయ్యి చాచాడు. సగానికి పైనే ఉన్నాయి నీళ్ళు.

"తీసుకోండన్నా."

ఇస్తారి అటు చూడలేదు.

"అన్నా, పడిపోతారు. తీసుకోండి."

"నాకొద్దు."

ఏలియా ఇంకా దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "నోరు పెట్టలేదండీ నేను. పొద్దుటి నుంచీ పైకెత్తే పోసుకుంటున్నా. మీరే చూశారుగా."

ఆ మాటకు ఇస్తారి ఒళ్ళు మండింది. తన మనసులో ఉన్నది ఇంకొకరి నోట, అంత మెత్తగా, బతిమాలుతున్నట్టు వినబడటం అతనికి సహించలేదు. చెయ్యి విసిరాడు. సీసా జారి రోడ్డు మీద పడింది. మూత ఊడి నీళ్ళు తారు మీద పారాయి. అవి ఆరిపోయేలోగా ముగ్గురూ ముందుకు సాగిపోయారు. బాబు మియా తల తిప్పలేదు. రోడ్డు మీద ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత ఏలియా పక్కనే తొక్కుతూ ఇస్తారి తూలినప్పుడల్లా వీపు మీద చెయ్యి వేసి తోశాడు. ఆ చేతిని ఇస్తారి విసిరికొట్టలేదు. ఎందుకు విసిరికొట్టలేదో తర్వాత చాలాసార్లు తనను తానే ప్రశ్నించుకున్నాడు.

గీత కనబడుతుండగా పడ్డాడు. లేచాడు. సైకిల్‌ను కర్రలా ఆనుకుని నడిచాడు. బాబు మియా, ఏలియా గీత దాటి నిలబడి పిలుస్తుండగానే, వెనక నుంచి వచ్చిన సహమ్ జట్టు గంటలు మోగిస్తూ అతన్ని దాటిపోయింది. ఇస్తారి చక్రం గీత మీదికి వచ్చేసరికి వాళ్ళ మూడోవాడి టైము అందనంత ముందుంది. అక్కడే కూలబడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి ఖర్జూర చెట్టు నీడలో ఉన్నాడు. తల ఎవరి ఒళ్ళోనో ఉంది. పెదవుల మధ్య చెంచా. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు. మింగాడు. ఇంకో చెంచా వచ్చింది. మింగాడు. ఆ చెయ్యి ఎవరిదో చూశాక కూడా నోరు మూసుకోలేదు. పైగా ఇంకా కావాలని తెరిచాడు.

గౌరవ్వకు ఆఖరి గుక్క పోసింది మిషన్ ఆసుపత్రి నర్సమ్మ. ఆవిడ ఇల్లు ఏ దిక్కని ఇస్తారి ఆనాడు అడగలేదు. చెంబు తెచ్చి అందించింది తనే.

మజహర్ పికప్ దిగి ఊగిపోతూ వచ్చాడు. "గులాం నబీ చెప్పిండు, డాక్టర్ సీసాల సగానికి మీదనే ఉండెనని. ఏమైనయ్ ఆ నీళ్ళు? వీనికి ఎందుకియ్యలే?"

ఇస్తారి నోటిలో నీళ్ళున్నాయి. మింగి చెప్పొచ్చు. మింగాడు. చెప్పలేదు.

"నేనే తాగేశాను సాబ్," అన్నాడు ఏలియా. ఇంకో చెంచా నీళ్ళు ముంచాడు. "దాహమేసింది. చూసుకోలేదు."

"అంతా?"

"అంతానండి."

మజహర్ కాండ్రించి నేల మీద ఉమ్మాడు. అక్కడున్న ఎవరూ ఏలియా వైపు మళ్ళీ చూడలేదు.

మర్నాటి నుంచి అతను డాక్టర్ కాదు, ట్యాంకర్. నీళ్ళ బండి వస్తే చాలు, "ట్యాంకరన్నా, నీ తమ్ముడొచ్చిండు, ఎదురుపో," అని బాబు మియా మెస్ గుమ్మం నుంచి కేకేసేవాడు. అందరూ నవ్వేవారు. మజహర్ అతని సైకిల్ తీసి ఇంకొకరికిచ్చాడు. ఏలియా శుక్రవారాలు బట్టలు ఉతుక్కుంటూ గడిపాడు.

ఇస్తారి కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం డిస్పెన్సరీకి పోయాడు. చేతికి గీరుకున్న చోటు చూపించాడు. ఏలియా దూది తీశాడు.

"నేను మజహర్ సాబ్‌తోని చెప్త," అన్నాడు ఇస్తారి. "నీళ్ళు పారబోసింది నేనని."

"ఎందుకు పారబోశావంటే ఏం చెబుతారు?"

ఇస్తారి గీరుకున్న చెయ్యి బల్ల మీద పెట్టాడు.

"చెయ్యి తగిలి పడ్డదని చెప్త."

"తగిలి పడితే నేనెందుకు తాగేశానని అబద్ధమాడానంటారు. అప్పుడు?" ఏలియా గాయం తుడిచాడు. మందు మండింది. "ఈ క్యాంపులో మీ వైపు వాళ్ళు వంద మంది ఉంటారండి. నా చేత్తో బిళ్ళ ఇస్తే ఇక్కడే నోట్లో వేసుకుంటారు. ఆ మూల కుండలో నీళ్ళు ముంచుకుని తాగుతారు. మా ఇల్లు ఏ దిక్కని అడిగింది మీరొక్కరే. మిగతావాళ్ళకు ఆ సంగతి గుర్తు చెయ్యకండి."

"మరి తాగుబోతును పిలిచినట్టు ట్యాంకరని పిలుస్తున్నరు గదా నిన్ను."

"పిలవనీండి. అది నేను చేసిన పనికి పెట్టిన పేరే అనుకుంటున్నారు కదా. ఆ రెండో పేరు, మా ఇల్లున్న దిక్కును బట్టి పెట్టేది, అలాంటిది కాదండి. అది నేనేం చేసినా పోదు."

కట్టు కట్టి గుడ్డ కొస చింపాడు. "తడి తగలనీకండి," అన్నాడు, ఎవరికైనా చెప్పినట్టే.

ఇస్తారి లేచాడు. మూలనున్న కుండ వైపు చూశాడు. పైన బోర్లించిన గ్లాసుంది. వెళ్ళి నీళ్ళు ముంచాడు. నోటి దాకా తెచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే ఏలియా చూడటం లేదు, సీసాలు సర్దుకుంటున్నాడు. ఆ నీళ్ళు తాగాడు. ఎవరికీ ఏమీ కాలేదు. తాగినందుకు అతనికి దక్కింది కూడా ఏమీ లేదు.

ఆ ఎండాకాలంలోనే ఏలియాను ఎక్కడో దక్షిణాన ఉన్న రైసూత్ సైట్‌కు మార్చారు. వెళ్ళేరోజు ఎవరూ గేటు దాకా రాలేదు. ఇస్తారీ రాలేదు. సెంట్రింగ్ మీద నిలబడి పికప్ పోవడం చూశాడు. ఆ తర్వాత సైకిల్ ముట్టలేదు. మజహర్ తిట్టాడు, బతిమాలాడు, వదిలేశాడు.

మరుసటి ఏడు జగిత్యాల వైపు నుంచే భీమన్న అనే అతను పనిలో చేరాడు. సైకిల్ పిచ్చి ఉన్నవాడు. మెస్‌లో కంచం పట్టుకుని ఇస్తారి ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు మస్తు తొక్కేటోనివంట గదనే ఇస్తారన్నా. ఎవడో ఏలియా అంట, నువ్వు సస్తున్నా సుక్క నీళ్ళియ్యలేదంట. నిజమేనా?"

పక్క బల్ల దగ్గర బాబు మియా నవ్వు మొదలుపెట్టాడు. ఇస్తారి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. అవునంటే ఏలియాను ఇంకోసారి దొంగను చేసినట్టు. కాదంటే ఏలియా ఇల్లు ఏ దిక్కో చెప్పాల్సి వస్తుంది.

కంచం తీసుకుని లేచాడు.

"ఆ రేసు ముచ్చట నా ముందర తియ్యకు భీమన్నా. నువ్వే గాదు, ఎవ్వలు తియ్యద్దు. నేను సచ్చేదాక దాని గురించి మాట్లాడ."