వెనక సీట్లో స్టెప్నీ

ఊళ్లోవాళ్ల కార్లకి సీట్లు కుట్టే అక్కాచెల్లెళ్లు ఆ ఉదయం తమ కారు సీటే విప్పారు. వాళ్ల నాన్న కొన్న పాత కారు. దాన్ని గ్యాస్‌కి మార్పించడంతో సిలిండరు వచ్చి డిక్కీలో పడుకుంది. మరి స్టెప్నీ ఎక్కడ పెట్టాలి? లోపలే. వెనక సీటు సగం తీసేసి, నేలకి ఇనప స్టాండు బిగించి, చక్రాన్ని నిలువుగా నిలబెట్టి, మధ్యలోంచి ఒక బోల్టు వెయ్యాలి.

"అంత బిగించకు. తిరగడానికి వీలుండాలి," అంది అక్క.

"ఇన్నాళ్లూ పడుకుని తిరిగింది, ఇక కూర్చుని తిరుగుతుంది కాబోలు," అని గొణుగుతూ, స్టాండు బిగించడానికి వచ్చిన మేస్త్రి బోల్టు కాస్త వదులు చేశాడు.

ఆ స్టెప్నీ సంగతి వీధిలో అందరికీ తెలుసు. బండిలో ఉన్నవాళ్లకి వెళ్లాలని ఉంటే ముందుకి తిరుగుతుంది, ఇంటికి పోవాలని ఉంటే వెనక్కి. డిక్కీలో ఉన్నన్నాళ్లూ గరగర వినిపించేదే కానీ, ఎటు తిరుగుతోందో తెలిసేది కాదు.

మధ్యాహ్నం ఇద్దరూ బయల్దేరారు. చెల్లెలికి పక్క ఊళ్లో కుట్టుపని నేర్పే ఉద్యోగం వచ్చింది. సాయంత్రంలోగా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. పదిహేను రోజులుగా అక్క "వెళ్తావా?" అనడం, చెల్లెలు "నీ ఇష్టం" అనడం, మాట అక్కడే ఆగిపోవడం.

సగం దారిలో అక్క అద్దంలోకి చూసింది. చక్రం కదలడం లేదు.

"నీకు వెళ్లాలనే లేదే! బండి తిప్పెయ్యనా?"

"నీ ఇష్టం అక్కా."

"నా ఇష్టం, నా ఇష్టం! నీకు నోరెందుకిచ్చాడే దేవుడు?"

గ్యాస్ బంకు దగ్గర చెల్లెలు మంచినీళ్లు పట్టుకొద్దామని దిగింది. తలుపు పడిందో లేదో, చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. బండిలో ఉన్నది అక్క ఒక్కతే.

అక్క కాసేపు దాన్నే చూసింది. తర్వాత దిగి, చెల్లెలి చేతిలో సీసా అందుకుని, "నువ్వొకసారి లోపల కూర్చో," అంది. కిటికీ అద్దంలోంచి చూస్తే చక్రం ముందుకి తిరుగుతోంది, పండగలాగా.

తాడుని చెరోవైపూ సమానంగా లాగితే కదలదు కదా? ఇదీ అంతే.

"ఇటు జరుగు. స్టీరింగు పట్టుకో. నేను బస్సులో ఇంటికి పోతా."

"దుకాణంలో ఒక్కదానివీ ఎలా..."

"నేను ఎక్కితే ఈ బండి నిన్ను ఈ జన్మలో అక్కడికి చేర్చదు. పో, ఆఫీసు మూసేస్తారు!"

చెల్లెలు ముక్కు తుడుచుకుంటూనే గేరు వేసింది.

అక్క రోడ్డు దాటి అవతల నిలబడింది. కారు ఇంకా మలుపు దాటలేదు. ఇంతలో ఇంటికెళ్లే బస్సు వచ్చి సరిగ్గా ఆమె ముందే ఆగింది.

"ఎక్కమ్మా!" అన్నాడు కండక్టరు.

"కాస్త ముందుకి పోనియ్ నాయనా," అంది అక్క, మునివేళ్ల మీద లేస్తూ, "అడ్డం వచ్చావ్."