వాటం

ఇంకొక్క జల్లు గట్టిగా పడితే గేటు దాటేస్తుంది, ఇప్పటికే గేటు కింది సందులోంచి లోపలికి తొంగిచూసి వచ్చింది, రా తల్లీ రా, నేను బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నది నీ కోసమే, చాయ్ కూడా పెట్టుకున్నాను, రైతుబజార్ వెనక మా గల్లీలో సిమెంటు రోడ్డు పడ్డాక ఇదే మొదటి పెద్ద వాన, నీళ్లన్నీ నా వాకిలి ముందు నుంచి జారి ఎదురుగా కిష్టమ్మక్క ఇంటికి పోతున్నాయి, ఒక్క చుక్క కూడా దారి తప్పడం లేదు, కిష్టమ్మక్క నాకు తోటికోడలు, ఇళ్లు పంచుకున్నప్పుడు పెద్దదాన్నని ముందు తనే ఎంచుకుంది, తూర్పు ముఖం ఇల్లు, ఈశాన్యం పల్లం, నీళ్లు ఈశాన్యానికి నడిస్తే లక్ష్మి నడిచొస్తది పిల్లా అంటూ గేటు కూడా ఆ మూలకే పెట్టించుకుంది, నడిచొస్తోంది చూడక్కా నీ లక్ష్మి, బురదరంగు చీర కట్టుకుని, చెత్త కవర్లు వెంటేసుకుని.

నాకు మిగిలింది పడమటి ముఖం, దానికి నేనేం బాధపడలేదు, ఇల్లు ఇల్లే కదా అనుకున్నాను, కానీ దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో ఏడో నెలలో నా బిడ్డ పోయిన రోజు, అక్క నా మంచం పక్కనే నిలబడి, నేను నిద్రపోయాననుకుని, చూడొచ్చినవాళ్లకు చెప్పింది, పడమటి గుమ్మం ఇంట్ల పిల్లలు నిలువరమ్మా, ఏం జేస్తం, కళ్లు మూసుకునే విన్నాను, నా బిడ్డ ఇంకా గుడ్డలో చుట్టి అవతలి బల్ల మీదే ఉంది, దానికి తన ఇంటి ముఖం ఎటో కూడా తెలియదు, ఆ తర్వాత నాకు మళ్లీ కడుపు పండలేదు, ఆ మాట మాత్రం పెరిగి పెద్దదైంది.

ఎండాకాలంలో రోడ్డు వేయించడానికి వచ్చిన ఇంజనీరు సాయికుమార్ దారం లాగించి, మోరీ మీ దిక్కున్నది మేడం, వాటం ఇటే ఇయ్యాలె, అప్పుడే నీళ్లు మోరీలకు పోతయి అన్నాడు, రోడ్డుకు ఒక పక్క కాస్త ఎత్తు, ఇంకో పక్క కాస్త పల్లం, కంటికి ఆనదు, నీళ్లకు మాత్రం తెలుస్తుంది, వాటం అటు తిప్పు బాబూ అన్నాను, అటు మోరీ లేదు మేడం, ఆ ఇంట్లకు పోతయి, పాత రోడ్డు తవ్వకుండ మీదనే పోస్తున్నం, అసలే ఆ గేటు కిందికైతది అని తల గోక్కున్నాడు, మా అన్న ఈ వార్డులో లీడరు, ఒక్క ఫోన్ చేయించాను, తల గోక్కోవడం మానేసి దారం విప్పి అటు పక్క నాలుగు వేళ్లు దించి కట్టించాడు, తర్వాత ఎవరన్నా మార్చగలరా అని అడిగితే, తారు రోడ్డయితే ఎండకు మెత్తబడ్తది, లారీ ఎక్కితే కుంగుతది, ఇది అట్ల కాదు మేడం, ఇయ్యాల ఎట్ల పోస్తే ముప్పై ఏండ్లు అట్లనే ఉంటది, పగలగొట్టాలె గని వంగదు అన్నాడు, వంగదు, ఆ మాట నాకెంత నచ్చిందో, డ్రమ్ము తిప్పుకుంటూ లారీ వచ్చి బూడిదరంగు ముద్ద కక్కుతుంటే, బద్దతో చదును చేస్తుంటే, టైర్లు జారకుండా చీపురుతో గీతలు గీస్తుంటే, కదలకుండా నిలబడి చూశాను, తర్వాత గోనెసంచులు పరిచి తడుపుతున్నన్నాళ్లూ పొద్దున్నే నేనూ బిందెతో నీళ్లు పోశాను, బాగా గట్టిపడాలని, కిష్టమ్మక్క గేటు పట్టుకుని నిలబడి, మంచిపని జేస్తున్నవ్ పిల్లా అంది, ఆ రోజంతా నాకు నవ్వాగలేదు.

దాటింది, గేటు దాటింది, గడప ముందు చెప్పులు తేలుతున్నాయి, ఈ ఫోనొకటి, బాల్‌రాజ్, నా మొగుడు, ఎల్బీనగర్ చౌరస్తాల ఇరుక్కున్న, గీడ బండ్లు కదుల్తలేవు, ఎదురింట్ల మా అన్న ఫోన్ ఎత్తుతలేడు, జర పోయి చూడు అన్నాడు, ఈడ సన్నగనే పడ్తున్నది, నువ్వు పరేషాన్ గాకు అని పెట్టేశాను, అక్క కూతురు సింధూర ఈ మధ్యనే కని ఆ ముందుగదిలోనే ఉంటోంది, మొన్న పాపను తొట్టెలలో వేసిన రోజు నేను చేతులు చాపితే అక్క చటుక్కున అటు తిప్పుకుంది, ఇప్పుడే పండుకున్నది, తర్వాత ఎత్తుకుందువు తియ్యి అంది, పాప కళ్లు తెరిచే ఉంది, నన్నే చూస్తోంది, పోనీ, ముందుగదిలోకే పోనీ నీళ్లు, తొట్టెల కిందికే పోనీ, తడిస్తే తెలుస్తుంది, నేనెప్పుడు లేచి నిలబడ్డాను, చాయ్ చల్లారిపోయింది, సింధూర పరుపు నేల మీద వేసుకుంటుందో ఏమో, లేదు, మంచమే ఉంది, ఉండాలి.

తలుపు తెరుచుకుంది, అక్క బయటికొచ్చింది, చీర ఎగ్గట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి, రబ్బరు షీటులో చుట్టినది ఏదో, పాప, పాపే, గేటు దగ్గర అక్కకు మోకాలి లోతు, నడిరోడ్డుకు వచ్చేసరికి చీలమండల దాకా, నా వాకిలి ముందు పాదాలు మాత్రమే తడి, నేను తిప్పించిన వాటం మొత్తం ఆ కాళ్ల మీద కనపడింది, మెట్లు ఎట్లా దిగానో తెలియదు, అంబికా, నీ కాల్మొక్త, జర పిల్లను పట్టు, మీ ఇల్లే ఎత్తు మీదున్నది, మీ బావను, సింధూరను తీస్కొస్త అంటూ పడమటి గుమ్మం దాటి వచ్చి నా చేతుల్లో పెట్టింది, ఏ గుమ్మమో కూడా చూసుకోలేదు, వెనక్కి తిరిగి నీళ్లలోకి దిగిపోయింది.

ఏడుపు ఆపేసింది పాప, నా భుజానికి వాటంగా కుదురుకుంది, ఇంత వేడిగా ఉంటారా పిల్లలు, ఇంత తేలికగా, మళ్లీ బాల్‌రాజ్, అన్న ఇప్పుడే ఎత్తిండు, ఇల్లంత నీళ్లేనట, సన్నగ పడ్తున్నదంటివి గదనే, రేపే సాయికుమార్‌ను పిలిచి ఆ రోడ్డు అంచు పగలగొట్టిచ్చి పైపు ఏపిస్త, వద్దు అన్నాను, ఎందుకొద్దు అన్నాడు, పాప మేలుకుంటది అని పెట్టేశాను, పగలగొట్టనివ్వను, మా అన్నకు చెప్పి ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వను, ఆ ఇల్లు మునగడం కాదు నాకు కావలసింది, మునిగినప్పుడల్లా ఈ పిల్లను ఎత్తుకుని నా గుమ్మానికే రావాలి, నడక వచ్చాక దాని కాళ్లతో అదే ఎక్కి రావాలి, ముప్పై ఏళ్లు వంగదన్నాడు, వానాకాలం మొన్ననే మొదలైంది, అరే, సన్నబడుతోందేం, అప్పుడే ఆగకు తల్లీ, ఇంకొక్క జల్లు.