బిల్లు వెయ్యని ఫోన్లు

ఆఫీసు సెల్లు మోగగానే అక్క గోడగడియారం వైపు చూసి నోట్‌బుక్ తెరిచేది. ఎవరు చేశారు, ఏం అడిగారు, ఎన్ని నిమిషాలు పట్టింది. అక్కాచెల్లెళ్ళు కలిసి నడిపే ఆ ఆడిటింగ్ ఆఫీసులో లెక్కలు చూడటం చెల్లెలి పని, డబ్బులు రాబట్టడం అక్క పని.

"చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మన దగ్గర మాత్రం అడిగేవాడికి చెప్పేవాడు లోకువ," అంది అక్క ఒకరోజు. "వాళ్ళ గుమాస్తాలకి పాఠాలు చెప్పడానికా మనం అద్దె కడుతున్నది? ఇకనుంచి ప్రతి ఫోనుకీ బిల్లే."

చెల్లెలు సరేనంది. అప్పుడు ఆమెకి మాస్టారు గుర్తు రాలేదు.

మాస్టారంటే బడిలో మాస్టారు కాదు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్న పెద్దాయన. ఆమె కొత్తగా చదువు ముగించుకుని, తల నిండుగానూ చేతులు ఖాళీగానూ ఉన్న రోజుల్లో, పక్కన కూర్చోబెట్టుకుని చిట్టా రాయడం నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ ఆడిట్ ఆమెదే.

మూడో నెలాఖరున మొదటిసారి ఫోన్ల బిల్లులు రాయడానికి చెల్లెలు నోట్‌బుక్ ముందేసుకుంది. ఫ్యాక్టరీ పేజీలో అక్క చేతిరాత: "గోడౌన్ అద్దె అడ్వాన్సు ఖర్చులో రాయాలా, రావలసినవాటిలో రాయాలా?" కింద మళ్ళీ అదే. దాని కింద "పైదే". ఆ తర్వాత అక్కకి విసుగొచ్చి ఒట్టి చుక్కలు పెట్టింది. లెక్కపెడితే మొత్తం ఇరవై మూడు ఫోన్లు.

ఇరవై మూడుసార్లూ జవాబు చెప్పింది తనే. ఒక చేత్తో వేరే ఫైలు తిప్పుతూ చెప్పింది. ఒక్కసారైనా ఆయన మాట సరిగా విని ఉంటే కదా.

"ఈయనకి మతి తప్పుతోందక్కా."

"అయితే బిల్లు వెయ్యి. ఓనరుకి తెలుస్తుంది."

"తెలిస్తే మర్నాడే ఇంటికి పంపిస్తాడు. ఆ జీతం మీదే వాళ్ళావిడకి డయాలసిస్ నడుస్తోంది."

"తెలియకపోతే?" అంది అక్క.

చెల్లెలు ఆ పేజీ చింపి నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది. తను చాలా మంచిదాన్నని అనుకుంటూ ఇంటికెళ్ళింది. చేతికి మట్టి అంటని మంచితనం అలాగే ఉంటుంది, హాయిగా.

రెండు నెలలకి ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. అట్టలు సరఫరా చేసేవాడికి ఒకే బిల్లు మీద మూడుసార్లు నగదు వెళ్ళింది. మూడు చోట్లా మాస్టారి సంతకమే. సరుకువాడేమో తనకి ముట్టింది ఒక్కసారే అంటున్నాడు.

ఆమె వెళ్ళేసరికి మాస్టారు మెడదాకా గుండీలు పెట్టుకుని ఓనరు బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన్ని "మీరు" అన్న ఓనరు ఆవేళ "నువ్వు"లోకి దిగాడు.

"ఆయన దొంగ కాదండీ," అంది ఆమె. "ఏదీ గుర్తుండట్లేదు. ఒకే ప్రశ్న నన్ను రోజూ ఫోన్ చేసి అడుగుతున్నారు."

"ఫోనుకింత అని అందరికీ బిల్లు వేస్తున్నారట కదా మేడం. మా బిల్లులో ఒక్క ఫోనూ లేదే?"

"నేనే తీసేశాను. కావాలంటే ఈ ఆఫీసు సెల్లులో ఉన్నాయి, చూడండి."

ఓనరు చూశాడు. మాస్టారి నంబరు నుంచి నలభై పైనే ఉన్నాయి.

"ఇన్నిసార్లు ఏం మాట్లాడుకున్నారో, దాన్ని నా దగ్గర దాచాల్సిన అవసరం ఏమొచ్చిందో," అన్నాడు. తర్వాత మాస్టారి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవయ్యా. ఈవిడకి రోజూ ఫోన్ చేశావా?"

మాస్టారు ఆమె వైపు నొచ్చుకున్నట్టు చూశాడు.

"లేదండీ. నేనెందుకు చేస్తాను? ఈ అమ్మాయికి పని నేర్పిందే నేను."

ఆయన జన్మలో అబద్ధం ఆడి ఎరగడు. అదీ నిజమనుకునే చెప్పాడు. తను దాచినదాన్ని ఆయన ఇలా చెరిపేస్తాడని ఆమె ఊహించలేదు.

ఓనరు సెల్లు ఆయన ముందుకి తోశాడు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, వేలుతో ఒక్కొక్క అంకె దగ్గరా ఆగుతూ చాలాసేపు చూశాడు.

"ఈ నంబరు ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"నాటకం," అన్నాడు ఓనరు, పోలీసు స్టేషనుకి ఫోన్ కలుపుతూ.